నీలగిరి జలాశయాలలో చన్నీటి అతిథి

ఉదకమండలం నుండి నైరుతి దిశగా సాగే రోడ్డు తేయాకు తోటలను, క్యారట్టు మళ్ళను దాటి, క్రమంగా మనుషుల అలికిడి లేని కొండలలోకి ప్రవేశిస్తుంది. అక్కడ ఎమరాల్డ్, అవలాంచి అనే రెండు జలాశయాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. ఇంకా పైకి వెళితే అప్పర్ భవాని జలాశయం కనిపిస్తుంది. మొదటి రెండూ సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉండగా, మూడవది 2,200 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. భూమధ్యరేఖకు పదకొండు డిగ్రీల దూరంలో మాత్రమే ఉన్న ఈ ప్రదేశంలో, పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై మంచు గడ్డకట్టి ఉప్పు చల్లినట్లు మెరుస్తుంది.

సాయంకాలం గాలి పడిపోయిన వేళ ఈ నీటిపై ఉండి ఉండి ఒక వలయం పుట్టి, మెల్లగా విస్తరించి, మాయమవుతుంది. అది వాన చినుకు పడిన జాడ కాదు. అడుగు నుండి పైకి వచ్చిన చేప ఒకటి నీటిపై తేలుతున్న పురుగును అందుకొని, తిరిగి లోతులకు జారుకున్న గుర్తు. ఆ చేప పేరు ట్రౌట్. అది ఈ కొండలలో పుట్టిన జాతి కాదు. ఓడలలో సముద్రాలు దాటి, గుడ్ల రూపంలో ఇక్కడికి చేరినది. వచ్చి నూరేళ్ళు దాటినా నేటికీ అతిథిగానే మిగిలి ఉన్నది. అతిథి ఇక ఎంతకాలం ఉండగలదన్న ప్రశ్నకు సమాధానం ఆ నీటి చల్లదనంపై ఆధారపడి ఉన్నది.

కొంగజపం చాలని వేట

గాలపు వేట తెలుగువారికి కొత్త కాదు. చెరువుగట్టున చతికిలబడి, వానపామునో పిండిముద్దనో ముల్లుకు గుచ్చి, నీటిపై తేలే బెండు మీద చూపు నిలిపి గంటలు గడిపేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆ కొంగజపానికి ఫలితం దక్కడమూ కద్దు. కాని ట్రౌట్‌ను పట్టే పద్ధతులలో అత్యంత సున్నితమైనదిగా పేరు పొందిన 'ఫ్లై ఫిషింగ్' వేరొక విద్య. దీనిని తెలుగులో 'ఈగ గాలం' అనవచ్చు.

ఈ గాలానికి ఎర అంటూ ఉండదు. చిన్న ముల్లుకు కోడిపుంజు మెడ ఈకలు, కుందేలు బొచ్చు, పట్టుదారం చుట్టి, నీటిపై వాలే పురుగును పోలేటట్లు చేసిన బొమ్మ మాత్రమే ఉంటుంది. దానికి బరువు లేదు. సాధారణ గాలంలో సీసపు గుండు ముందుకు పోతూ తాడును తన వెంట లాగుకొని పోతుంది. ఇక్కడ ఆ క్రమం తలక్రిందులు. తాడే బరువుగా ఉంటుంది. ఈగ దాని వెంట పోతుంది. సుమారు తొమ్మిదడుగుల పొడవున్న, వంగే కర్రతో తాడును మొదట వెనుకకు విసరాలి. అది గాలిలో పూర్తిగా చాచుకొనేంతవరకు లిప్తకాలం ఆగాలి. ఆ తరువాతనే ముందుకు విసరాలి. విద్య అంతా ఆ లిప్తకాలపు నిగ్రహంలోనే ఉన్నది. తొందరపడితే తాడు చిక్కుపడుతుంది. ఆలస్యమైతే వెనుక గడ్డిలో తగులుకుంటుంది. కండబలం ఎంత ఉన్నా అక్కరకు రాదు. తాడు చివర కంటికి ఆనని సన్నని నైలాన్ పోగు, ఆ పోగు చివర ఈగ. అది నీటిపై చప్పుడు లేకుండా వాలాలి. దభాలున పడిందంటే చేప ఆ దరిదాపులలో ఉండదు.

ఈ విద్య ప్రాచీనమైనది. మాసిడోనియా దేశస్థులు ముల్లుకు ఎర్రని ఉన్ని, ఈకలు చుట్టి నదిలో చేపలు పట్టేవారని క్రీ.శ. 200 ప్రాంతానికి చెందిన రోమన్ రచయిత ఏలియన్ వర్ణించాడు. 1653లో ఐజక్ వాల్టన్ ప్రకటించిన 'ది కంప్లీట్ యాంగ్లర్' ఇంగ్లీషు వచన సాహిత్యంలో స్థిరమైన స్థానం సంపాదించుకున్న గ్రంథం. 1676 నాటి ముద్రణకు ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ ఈగ గాలాన్ని గురించి ప్రత్యేకంగా ఒక భాగం వ్రాసి చేర్చాడు. ఇంగ్లండులో గాలం పట్టడం కాలక్షేపం స్థాయిని దాటి ఒక సంస్కారంగా మారడానికి ఇట్టి గ్రంథాలు తోడ్పడినవి. భారతదేశానికి వచ్చిన దొరలు తమ సామానుతో పాటు ఆ సంస్కారాన్ని కూడా మోసుకొని వచ్చారు.

ఇందులో ఒక విచిత్రమైన మారకం జరిగినది. దక్షిణ భారతపు అడవులలో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకలపై మైనం చుక్కల వంటి పసుపు మచ్చలు ఉంటాయి. నీటిలో అవి చిన్న చేప కన్నులవలె మెరుస్తాయి. గాలపు ఈగలు కట్టేవారికి ఆ ఈకలపై ఎంత మోజు ఉండేదంటే, ఈ పక్షి చర్మాలు పెద్ద ఎత్తున ఐరోపాకు తరలిపోయినవి. తుదకు పక్షికే ముప్పు రాగా భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించవలసి వచ్చినది. చేప అక్కడి నుండి ఇక్కడికి వచ్చినది. దానిని మోసగించే ఈక ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళినది.

ఓడలలో వచ్చిన గుడ్లు

1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ ఉదకమండలాన్ని నిర్మించి, అక్కడ ఒక చెరువు ఏర్పాటు చేయించాడు. కాలక్రమాన అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి విడిది అయినది. బళ్ళారి, కర్నూలు, మచిలీపట్నం ఎండలలో మాడిన అధికారులు ఈ కొండలెక్కి, పొగమంచును, పచ్చిక బయళ్ళను, సెలయేళ్ళను చూసి తమ దేశాన్ని తలచుకున్నారు. వారికి అక్కడ కనిపించని లోటు ఒక్కటే: ఏళ్ళలో ట్రౌట్ లేదు. ఆ కొండలకు అనాదిగా హక్కుదారులైన తోడాలు గేదెలను పోషించుకొనే శాకాహారులు. వారికి అట్టి లోటు ఏనాడూ తోచలేదు.

మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1863లో ట్రౌట్ గుడ్లను ఇంగ్లండు నుండి తెప్పించే ప్రయత్నం చేశాడు. అప్పటికి సూయజ్ కాలువ తెరవలేదు. నెలల తరబడి సాగే ఆ ఉష్ణమండల యాత్రలో మంచు కరిగినది, గుడ్లు మురిగిపోయినవి. ఈయనే తరువాత 1875-78 మధ్య 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' అనే మహాగ్రంథాన్ని వెలువరించాడు. భారతీయ మత్స్యశాస్త్రానికి అది నేటికీ ఆధారగ్రంథం. ఆయన తరువాత కూడా ప్రయత్నాలు జరిగినవి గాని చేప నిలదొక్కుకోలేదు. ఈలోగా 1877లో నీలగిరులలో వేట జంతువుల, చేపల సంరక్షణకు ఒక సంఘం వెలసినది. 1879లో ఒక చట్టమే వచ్చినది. ట్రౌట్ స్థిరపడడానికి ముందే దానికి రక్షణ సిద్ధమైనదన్నమాట.

మొదటి విజయం ఉత్తరాన లభించినది. 1899లో కాశ్మీరుకు పంపిన గుడ్లు దారిలో పాడైపోగా, 1900లో స్కాట్లండు నుండి వచ్చిన గుడ్లు బ్రతికి, శ్రీనగరం సమీపంలో హర్వాన్ వద్ద పిల్లలైనవి. నీలగిరులలో ఆ ఘనత హెచ్. సి. విల్సన్‌కు దక్కినది. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసు మత్స్యశాఖ ఏర్పడినది. నీలగిరి ఏళ్ళతో పాటు నేటి కోస్తా, రాయలసీమ జిల్లాల జలాలు కూడా ఆనాడు ఆ శాఖ అధీనంలోనివే. ఆ శాఖలో చేపల పెంపకపు నిపుణుడైన విల్సన్ అవలాంచి వద్ద ఏటి ఒడ్డున గుడ్లు పొదిగే కేంద్రాన్ని నెలకొల్పి, విదేశాల నుండి తెప్పించిన గుడ్లతో పట్టు వదలక ప్రయోగాలు సాగించాడు.

ఆ విజయ రహస్యం గుడ్డు వయస్సులో ఉన్నది. ఫలదీకరణమైన తొలిరోజులలో ట్రౌట్ గుడ్డు చిన్న కుదుపుకు కూడా తట్టుకోలేదు. కొన్ని వారాలకు పెంకులో నుండి పిల్ల కన్నులు రెండు నల్లని చుక్కలుగా కనిపిస్తాయి. ఆ దశకు వచ్చిన గుడ్డు గట్టిపడుతుంది. తడి నాచులో, మంచు చల్లదనంలో దూరప్రయాణానికి ఓర్చుకుంటుంది. అయితే ఇంగ్లీషువారు కోరుకున్నది తమ దేశపు గోధుమరంగు ట్రౌట్ కాగా, చివరకు నీలగిరులలో నిలిచినది మరొక జాతి. ఒడలి పొడవునా గులాబి చారతో మెరిసే ఇంద్రధనుస్సు ట్రౌట్, అనగా 'రెయిన్‌బో', ఉత్తర అమెరికా పసిఫిక్ తీరానికి చెందినది. అప్పటికే శ్రీలంక కొండలలో నాటుకున్న ఈ జాతి అక్కడి నుండి కూడా నీలగిరులకు వచ్చినది.

చలి ఎందుకు కావాలి?

ఇంత శ్రమ ఎందుకు పట్టినదో తెలుసుకోవడానికి తెలుగువారికి బాగా పరిచయమైన కొర్రమీనుతో ట్రౌట్‌ను పోల్చిచూస్తే చాలు. చెరువు అడుగంటి బురద మిగిలినా కొర్రమీను నీటిపైకి తల ఎత్తి నేరుగా గాలి పీల్చుకొని బ్రతుకుతుంది. ట్రౌట్‌కు అట్టి వెసులుబాటు లేదు. దాని ప్రాణమంతా నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌పై ఆధారపడి ఉన్నది. నీరు వేడెక్కేకొద్దీ ఆ నిల్వ తరుగుతుంది. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల సెంటీగ్రేడు చల్లని నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగా, 25 డిగ్రీల నీరు సుమారు 8 మిల్లీగ్రాములనే ఇముడ్చుకుంటుంది. అదే సమయంలో వేడికి చేప శరీరం మరింత ఆక్సిజన్‌ను కోరుతుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిది ట్రౌట్ స్థితి. 10 నుండి 16 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. 20 దాటితే తిండిపై ఆసక్తి సన్నగిల్లుతుంది. 25 డిగ్రీల వద్ద ప్రాణాపాయం సమీపిస్తుంది.

ఎత్తైన కొండ ఇందుకు పరిష్కారమే గాని సంపూర్ణమైన పరిష్కారం కాదు. 2,200 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికంటె దాదాపు నాలుగవ వంతు తక్కువ. నీటిలో కరిగే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. కొండ ఒక చేత్తో చలిని ఇచ్చి, మరొక చేత్తో ఊపిరిని కొంత తీసుకుంటున్నది. నీరు రెండు డిగ్రీలు వేడెక్కినా ఇక్కడి ట్రౌట్‌కు అది చిన్న విషయం కాదు.

తెలుగునాట చెరువులలో పెరిగే బంగారు తీగ కూడా విదేశీ చేపే. దాని ఒక తెగను 1939లో శ్రీలంక నుండి ఊటీకి తెచ్చారు. మరొక తెగ 1957లో బాంకాక్ నుండి వచ్చి మైదానాలలో వ్యాపించినది. ఏ చెరువులో వదిలినా అది ఇల్లు కట్టుకున్నది. ట్రౌట్ అట్లా చేయలేకపోయినది. దానికి చన్నీరే కాక, ప్రవహించే నీరు కూడా అవసరం. ఆడచేప గులకరాళ్ళున్న ఏటికి ఎదురెక్కి, తోకతో గుంట చేసి అందులో గుడ్లు పెడుతుంది. నిలువ నీటిలో ఆ గుడ్లకు ఊపిరాడదు. కనుక ఎంత పెద్ద జలాశయమైనా, దానిలో చేరే ఏళ్ళు బాగుంటేనే ట్రౌట్ వంశం నిలుస్తుంది.

ఏళ్ళు చాలని చోట మనుషులు ఆ పని చేస్తారు. హేచరీలో, చలికాలంలో పరిపక్వమైన ఆడచేప పొట్టను మృదువుగా నిమిరి గుడ్లను పళ్ళెంలోకి రాలుస్తారు. కిలో బరువున్న చేప సుమారు 1,500 నుండి 2,000 గుడ్లు ఇస్తుంది. వాటిపై మగచేప వీర్యాన్ని పిండి, ఈకతోనో చేతితోనో కలిపి, పారే నీటి తొట్టెలలో ఉంచుతారు. నీరు 10 డిగ్రీలు ఉంటే గుడ్లు పగలడానికి ఇంచుమించు నెల పడుతుంది. ఈ నెల రోజులలో చచ్చిన గుడ్లు తెల్లబడతాయి. బూజు పట్టి పక్కవాటికి సోకకముందే వాటిని ఒక్కొక్కటిగా ఏరివేయాలి. గాలం వేసేవాడికి దక్కే ఒక్క నిమిషపు ఉద్వేగం వెనుక ఇట్టి అజ్ఞాత పరిశ్రమ ఉన్నది.

విద్యుత్తు కోసం నిలిపిన నీరు

విల్సన్ కాలంలో ఇక్కడ ఈ జలాశయాలు లేవు. ఏళ్ళు మాత్రమే ఉండేవి. 1950లు, 60లలో కొలంబో ప్రణాళిక క్రింద కెనడా సహాయంతో కుందా జలవిద్యుత్ పథకం రూపొందినది. ఏళ్ళకు అడ్డంగా ఆనకట్టలు లేచినవి. అప్పర్ భవాని నీరు అవలాంచి-ఎమరాల్డ్ జలాశయాలకు, అక్కడి నుండి సొరంగాల ద్వారా మెట్టు మెట్టుగా విద్యుత్కేంద్రాలకు దిగి, పిల్లూరు ఆనకట్ట చేరి, భవానీ నదిగా సాగి కావేరిలో కలుస్తుంది. కోయంబత్తూరు నగరం త్రాగే నీటిలో కొంత పిల్లూరు నుండి వచ్చేదే.

ఏటిలో ఉన్న ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ఒకేచోట నిలిచి, కొట్టుకొని వచ్చే ఆహారాన్ని అందుకుంటుంది. జలాశయంలో ఆహారం దాని వద్దకు రాదు. అదే వెదుకుతూ తిరగాలి. అందువల్ల గాలం వేసేవాడు నీటిని చదవడం నేర్చుకోవాలి. గాలి ఏ దిక్కున పురుగులను ఒడ్డుకు చేరుస్తున్నది, చల్లని ఏరు ఎక్కడ వచ్చి కలుస్తున్నది, ఏ మలుపు వద్ద లోతు మొదలవుతున్నది అనే విషయాలను గమనించాలి. ఎండ ముదిరిన కొద్దీ చేపలు లోతుకో, ఏటి ముఖద్వారానికో తరలిపోతాయి. ఉదయ సాయంకాలాలలో మాత్రం ఒడ్డున పల్లపు నీటికి మేతకు వస్తాయి.

ఆ పల్లపు నీరే జలాశయానికి వంటిల్లు. సూర్యరశ్మి అడుగుదాకా సోకి నాచు పెరిగేదీ, నాచులో పురుగులు పెరిగేదీ అక్కడే. కాని ఈ నీరు నిలిపినది విద్యుత్తు కోసం. చేప కోసం కాదు. యంత్రాలు తిరిగినప్పుడల్లా నీటిమట్టం దిగుతుంది. ఒడ్డు చుట్టూ ఎర్రమట్టి పట్టీ తేలుతుంది. అందులో పురుగుల సంతతి ఎండిపోతుంది. ఎండకాలంలో లోతు తగ్గితే నీరు త్వరగా వేడెక్కుతుంది. విద్యుత్తు ఉత్పత్తి చేసేవారిని ఇందుకు తప్పుపట్టలేము. కాని ట్రౌట్ బ్రతుకు తన చేతిలో లేని మీట మీద ఆధారపడి ఉన్నదన్నది వాస్తవం.

అతిథియా, ఆక్రమణదారా?

ఇంతలో మరొక ప్రశ్న తలెత్తినది. ఈ అతిథి ఇంటివారికి హాని చేయడం లేదా? ప్రపంచంలో అత్యంత హానికరమైన నూరు పరాయి జాతుల పట్టికను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి నిపుణులు రూపొందించినప్పుడు, రెయిన్‌బో ట్రౌట్, గోధుమరంగు ట్రౌట్ రెండూ అందులో చేరినవి. ట్రౌట్ మాంసాహారి. చిన్న చేపలను, కప్పపిల్లలను, ఏటి పురుగులను తింటుంది. పశ్చిమ కనుమలలో ఇతరత్రా ఎక్కడా కనిపించని కప్పలు, చేపలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని పూర్తిగా గుర్తించకముందే పరాయి చేపకు మేత చేయడం న్యాయమేనా అన్న శాస్త్రజ్ఞుల ఆందోళనను కొట్టిపారేయలేము. జలాశయాలకు పొరుగున ఉన్న ముకుర్తి అడవి నేషనల్ పార్కు అయినది. ఒకప్పుడు గాలాలకు పేరు పడిన అక్కడి ఏళ్ళలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమలులోకి వచ్చినది. అప్పర్ భవాని పరిసరాలకు వెళ్ళాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి.

ట్రౌట్‌ను సమర్థించేవారి వాదంలోనూ బలం లేకపోలేదు. ఆ చేప అంటే ఇష్టం ఉన్నందువల్లనే కొందరు తరతరాలుగా ఈ ఏళ్ళకు కాపలా కాశారు. పేలుడు మందులు, విషం వేసి చేపలు పట్టేవారిని అడ్డుకున్నారు. 1877 నాటి వేటగాళ్ళ సంఘమే నేడు వన్యప్రాణి, పర్యావరణ సంఘంగా పేరు మార్చుకొని పనిచేస్తున్నది. హిమాచల్, కాశ్మీరు ప్రాంతాలలో ట్రౌట్ పెంపకం కొండ రైతులకు జీవనోపాధి కూడా అయినది.

ఇరుపక్షాలవారూ కాదనలేని విషయం ఒకటి ఉన్నది. నీలగిరుల ఏళ్ళు షోలాలలో పుడతాయి. కొండ మడతలలో ముడుచుకొని ఉండే ఈ పొట్టి అడవులు, వాటి చుట్టూ ఉన్న గడ్డి మైదానాలు వానను స్పంజివలె పీల్చుకొని, ఏడాది పొడవునా కొద్దికొద్దిగా చల్లగా విడుస్తాయి. గత శతాబ్దిన్నరలో ఆ గడ్డి మైదానాలలో చాలా భాగం వాటిల్, యూకలిప్టస్ తోటలుగా, తేయాకు, కూరగాయల మళ్ళుగా మారిపోయినది. నీడ పోయిన ఏరు వేడెక్కుతుంది. గట్టు తెగిన ఏరు బురదను మోసుకొస్తుంది. ఆ బురద గులకరాళ్ళ సందులను పూడ్చి గుడ్లకు ఊపిరాడనీయదు. 2019 ఆగస్టులో అవలాంచి వద్ద ఒక్క రోజులోనే 80 సెంటీమీటర్లకు మించిన వర్షం కురిసినది. పూర్వం పెద్ద కొండచరియ విరిగిపడినందువల్లనే ఆ చోటికి అవలాంచి అన్న పేరు వచ్చినదన్న సంగతి అప్పుడు మళ్ళీ గుర్తుకు రాక తప్పలేదు. గడ్డి, అడవి పట్టి ఉంచని మట్టి అట్టి వానకు నిలవదు.

ఏళ్ళు చెడిపోతే మొదట కనుమరుగయ్యేది ట్రౌట్. కాని అంతటితో ఆగదు. ఆ ఏటి నీటినే నమ్ముకున్న స్థానిక చేప, కప్ప, తోడాల గేదె, దిగువన కోయంబత్తూరు కుళాయి వరుసగా దాని వెనుకనే ఉన్నాయి. అందుచేత వివాదం తీరేదాకా చేయదగినవి కొన్ని ఉన్నాయి. స్థానిక జాతులున్న ఏళ్ళలో కొత్తగా ట్రౌట్ పిల్లలను వదలకుండా, మనిషి కట్టిన జలాశయాలకే దానిని పరిమితం చేయవచ్చు. ఏటి జన్మస్థానాలలో షోలాలను, గడ్డిని తిరిగి పెంచవచ్చు. గాలం వేయడానికి అనుమతి ఉన్న చోట, పట్టిన చేపను తిరిగి వదిలేవారు మొనపక్క ముల్లు లేని గాలాన్ని వాడి, చేతులు తడుపుకొని, చేపను నీటిలోనే ఉంచి విడిపించవచ్చు.

ఆ చివరి జాగ్రత్త కూడా నీరు వేడిగా ఉన్ననాడు పనిచేయదు. పెనుగులాడి అలసిన ట్రౌట్, వెచ్చని నీటిలో వదిలినా కోలుకోక, కొంతసేపటికి చచ్చిపోతుంది. అందుకే ట్రౌట్ వేటలో అనుభవం గడించినవారు కర్ర జోడించడానికి ముందు ఒక చిన్న ఉష్ణమాపకాన్ని దారానికి కట్టి నీటిలోకి దింపుతారు. పాదరసం 20 డిగ్రీలు దాటినదా, ఈగలున్న పెట్టెను తెరవకుండానే ఇంటిదారి పడతారు.